వంకకు పైన

మా అవ్వ పుట్టిన ఊరు ఎప్పుడో పాడుబడింది. జంట బావులుండేవని మాత్రం చెప్పేది. దాన్ని వెతకడానికి పాత సర్వే పటం పట్టుకుని ఆదోని వెళ్లాను. అందులో పాడుబడిన ఊళ్లకు గుర్తులే గాని పేర్లు లేవు. వాగును అక్కడ వంక అంటారు. "వంతెన కాడినుంచి వంక ఎంబడే పైకి పోప్పా" అన్నారు అడిగినవాళ్లందరూ. పటంలో పైవైపు ఉత్తరం కదా అని రెండు రోజులు ఉత్తరానికి నడిచాను. పత్తి చేలు తప్ప ఏమీ కనబడలేదు.

ఆశ వదులుకుని ఎమ్మిగనూరు బస్సెక్కాను. పక్క సీటులో మాబుసాబు అనే ముసలి రైతు నా కథ విని, పటం తీసుకుని ఒళ్లో పరుచుకున్నాడు.

"తలకిందులుగా పట్టుకున్నావు తాతా."

"వంక యాడికి పోతాదప్పా?"

"ఉత్తరానికి. తుంగభద్రలోకి."

"నీళ్లు పోయేది కిందికి గదా. వాళ్లు పైకి పొమ్మంటే నువ్వు కిందికి పోయినావు."

అతని వేలు వంక గీత వెంట దక్షిణానికి జరిగి ఒక గుర్తు దగ్గర ఆగింది. "పటం గీసినాయప్ప నీళ్లను అడగకుండానే గీసినట్టుండాడు" అన్నాడు.

తర్వాతి స్టేజీలో దిగి వెనక్కి బస్సెక్కాను. సాయంత్రం, పూడిపోయిన రెండు బావుల మధ్య కూర్చుని పటం విప్పాను, తలకిందులుగానే.