ల్యాప్‌టాప్‌లో అఖండదీపం

ఛాయాదేవిని చూసినవాళ్ళు తక్కువ. విన్నవాళ్ళు ఎక్కువ.

అమెరికాలో, షాంటిలీ చుట్టుపక్కల ఏ ఉగాది సభ జరిగినా, వేదికకి ఎడమవైపు తెర చాటున ఒక మడత కుర్చీ ఉంటుంది. పాతికేళ్ళుగా ఆ కుర్చీ ఆమెది. పిల్లలు వచ్చి నిలబడతారు. కుడికాలు ముందుకు పెడతారు. తల వంచుతారు. ఆ వంగిన తల చూసి ఆమె మీట నొక్కుతుంది. పాట మొదలవుతుంది. చప్పట్లు పిల్లలకి వెళ్తాయి. ఆమె తర్వాతి పాట సిద్ధం చేసుకుంటుంది.

మొదట్లో క్యాసెట్లు. వదులైన టేపుని పెన్సిల్‌తో బిగించేది. తర్వాత సీడీలు. తర్వాత ల్యాప్‌టాప్. కుర్చీ మాత్రం మారలేదు.

ఆమె ఉద్యోగం వేరే. కౌంటీ నీళ్ళ పరీక్షల ల్యాబ్‌లో ఇరవై ఎనిమిదేళ్ళు. సీసాలో నీళ్ళు పట్టడం, ఆగడం, చూడటం, రాయడం. రిటైరయ్యాక మిగిలింది ఈ కుర్చీ ఒక్కటే. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు.

రెండు వేల పదిలో, వికృతి ఉగాదికి నెల ముందు, కమిటీ కార్యదర్శి దివాకర్ ఫోన్ చేశాడు. హెర్న్‌డన్‌లో ఉద్యోగం అతనిది. పెద్ద కంపెనీల కంప్యూటర్లు నెమ్మదిస్తే ఎందుకో కనిపెట్టడమే పని.

"ఆంటీ, మీ ల్యాప్‌టాప్ చాలా ఓల్డ్ కదా. ఈసారి డీజేని పెడదామని కమిటీలో అనుకుంటున్నారు. మీరు హాయిగా ముందు వరసలో కూర్చుని ప్రోగ్రాం ఎంజాయ్ చేయండి."

"ముందు వరసలోనా?" అంది ఛాయాదేవి. దంతవైద్యుడి దగ్గర కూర్చోమన్నట్టు వినిపించింది ఆమెకి.

"పాతదైతే కొత్తది చేస్తాను. అప్‌గ్రేడ్ చేస్తే సరిపోతుందిగా?"

దివాకర్ ఒప్పుకున్నాడు. "సరే ఆంటీ. కానీ ఏదైనా తేడా వస్తే, నెక్స్ట్ ఇయర్ నుంచి డీజేనే."

సభకి మూడు రోజుల ముందు ఆమె ల్యాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసింది. మూడు గంటలు పట్టింది. పాటలన్నీ ఉన్నాయి. తెర మూలన దీపం కూడా వెలుగుతోంది. తృప్తిగా మూత వేసింది.

*

శనివారం రెండు గంటలకి సభ. ఆ ఉదయం పదకొండు గంటలకి హైస్కూల్ ఆడిటోరియంలో రిహార్సల్. మొదటి అంశం కోలాటం. పన్నెండు మంది ఆడపిల్లలు, ఇరవై నాలుగు కర్రలు. ముందు నిలబడ్డది విద్య, తొమ్మిదేళ్ళది. తలలు వంగాయి. ఛాయాదేవి నొక్కింది.

పాట మొదటి చరణం దాటింది. రెండో చరణం మధ్యలో వెక్కింది. ఒకే ముక్క ఏడుసార్లు వినిపించింది. తర్వాత ఏమీ ఎరగనట్టు ముందుకి సాగింది.

పిల్లలు ఆగలేదు. పాట ఎన్నిసార్లు వెక్కితే అన్నిసార్లు కర్రలు కొట్టారు. టక్, టక్, టక్. ఏడుసార్లు. చివరి దెబ్బకి ఒక కర్ర ఎగిరి ఖాళీ కుర్చీల్లో పడింది.

వ్యాఖ్యానం చెప్పే త్రివేణి మైకు పట్టుకుని నవ్వు ఆపుకోలేక వంగిపోయింది. ఆ నవ్వు స్పీకర్లలోంచి హాలంతా వచ్చింది.

విద్య తెర దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఆంటీ, సాంగ్ స్టక్ అయింది. మేము కూడా స్టక్ అవ్వాలా?"

"అవ్వండి తల్లీ, చాలా బావుంది," అంది త్రివేణి కళ్ళు తుడుచుకుంటూ.

"త్రివేణీ, పిల్లలకి అలా చెప్పకు. వాళ్ళు నమ్ముతారు," అంది ఛాయాదేవి.

ఆమె చెయ్యి ల్యాప్‌టాప్ మీద ఉంది. కాలుతోంది. లోపల ఫ్యాన్ పిండిమరలా తిరుగుతోంది.

*

దివాకర్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా తెరిచాడు. ప్రాసెసర్ నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు పనిలో ఉంది. పాటకి మిగిలింది రెండు.

జాబితా పైన ఒక పేరు. అఖండదీపం. తొంభై ఒకటి.

"ఇదేంటి ఆంటీ?"

"దాని జోలికి వెళ్ళకు."

ఛాయాదేవి ల్యాప్‌టాప్ తెర మీది కిటికీలన్నీ పక్కకి జరిపి చూపించింది. తెర మూలన చిన్న కుంది. అందులో ఒత్తి. ఒత్తి మీద జ్వాల. గాలి తగిలినట్టు కొంచెం కదులుతోంది. ఏడేళ్ళ కిందట ఆమె గృహప్రవేశానికి, అల్ఫారెట్టాలో ఉండే రిటైర్డ్ ఇంజనీరు విశ్వనాథం స్వయంగా రాసి పంపిన కానుక. ఇంట్లో పొగ అలారం మోగుతుందని నిజం దీపం రాత్రింబగళ్ళు పెట్టలేకపోయింది. ఇది పెట్టింది. మెషీన్ వెలిగితే దీపం వెలుగుతుంది. మెషీన్ నిద్రపోతే దీపమూ నిద్రపోతుంది. నిద్ర వేరు, కొండెక్కడం వేరు. అది ఆమె సొంత శాస్త్రం.

దివాకర్ దీపం మూలనున్న మూసే గుర్తు మీద నొక్కాడు. ఒక ప్రశ్న వచ్చింది: దీపం కొండెక్కించమంటారా? కింద ఒకే ఒక్క జవాబు ఉంది: వద్దు.

"రెండో బటన్ ఏదీ?"

"లేదు. విశ్వనాథం గారు పెట్టలేదు."

"అయితే ఎండ్ టాస్క్ కొట్టేస్తాను. వన్ సెకండ్ పని."

"ఉగాది పూట దీపం ఆర్పుతావా?"

దివాకర్ వేలు ఆగిపోయింది. హెర్న్‌డన్‌లో అతని వేలికి అడ్డు చెప్పినవాళ్ళు లేరు. ఇక్కడ వెనక నిలబడ్డ నలుగురు తల్లులు ఒక్కసారి "అయ్యో" అన్నారు. వాళ్ళలో ఒకావిడ అతని అత్తగారు.

"సరే, మిగతావి చూద్దాం," అన్నాడు.

చూశాడు. ఫైళ్ళు వెతికి పెట్టుకునే పనిని ఆపాడు. ప్రాసెసర్ తొంభై ఎనిమిది. వైరస్ కాపలాని కాసేపు పక్కన పెట్టాడు. తొంభై ఏడు. అందరూ చప్పట్లు కొట్టారు. మళ్ళీ తొంభై ఎనిమిది. అప్‌డేట్లు ఆపాడు. ప్రింటర్‌ని తీసేశాడు. గడియారాన్ని కూడా తీసేశాడు. చుట్టూ ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా పోయాయి. మధ్యలో దీపం ప్రశాంతంగా వెలుగుతోంది.

"నా క్లయింట్లకి మాత్రం చెప్పకండి," అన్నాడు చెమట తుడుచుకుని.

ఈలోగా త్రివేణి కారు దగ్గరికి వెళ్ళి వచ్చింది. చేతిలో, పొద్దున దారిలో ఇండియన్ స్టోర్‌లో కొన్న ఫ్రోజెన్ కొబ్బరి తురుము రెండు ప్యాకెట్లు. తువ్వాలు చుట్టి ల్యాప్‌టాప్ కింద పెట్టింది.

"ఛాయక్కా, ఈ మంటకి సాయంత్రానికి కొబ్బరి వేగుతుంది. పప్పులు తెచ్చుకుంటే పచ్చడి కూడా ఇక్కడే చేసేయొచ్చు."

"ఆంటీ, త్రివేణి గారి ల్యాప్‌టాప్‌లో పాటలు వేద్దామా?" అన్నాడు దివాకర్.

"నాది మూగది," అంది త్రివేణి. "శబ్దం వచ్చే రంధ్రంలో మావాడు క్రేయాన్ విరగ్గొట్టి రెండేళ్ళయింది."

పన్నెండున్నర. దివాకర్ ఫోన్ తీశాడు. "ఆంటీ, డీజే స్టాండ్‌బైలో ఉన్నాడు. ఒంటిగంటన్నరకల్లా చెప్పాలి."

ఛాయాదేవి తన కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ల్యాబ్‌లో సీసా ముందు కూర్చున్నట్టే కూర్చుని జ్వాలని చూసింది.

"దివాకర్, ఒక మాట. నీళ్ళ రంగు మారిందనుకో. మేము చెరువుని తిట్టం. కొత్తగా ఏ గొట్టం కలిపారో అడుగుతాం. ఈ దీపం ఏడేళ్ళుగా ఉంది. ఎప్పుడూ ఇంత తినలేదు. బుధవారం నుంచి తింటోంది. దాని పక్కన ఏం మారింది?"

దివాకర్ ఫోన్ మళ్ళీ జేబులో పెట్టాడు. అది తను అడగాల్సిన ప్రశ్న.

ఆమె అల్ఫారెట్టాకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"విశ్వనాథం గారూ, మీ దీపం మా ప్రాసెసర్‌ని మింగేస్తోంది."

"ఇంకా వెలుగుతోందా?" పెద్దాయన గొంతులో ఆనందం పొంగింది. "ఏడుగురికి ఇచ్చానమ్మా. ఆరుగురు తీసేశారు!"

"కొత్త సిస్టమ్ వేశానండీ."

"అదీ సంగతి. ఆ జ్వాలని సెకనుకి ముప్ఫైసార్లు గీయాలి. గీసేది డిస్‌ప్లే కార్డు. కొత్త సిస్టమ్ వేస్తే ఆ కార్డుని నడిపే ప్రోగ్రాము, అదే డ్రైవర్, పోయి ఉంటుంది. ఇక ప్రాసెసరే కూర్చుని చేత్తో గీస్తోంది, పాపం. డ్రైవర్ మళ్ళీ వేయండి, చల్లబడుతుంది."

దివాకర్ డ్రైవర్ కోసం వెతికాడు. స్కూల్ నెట్‌వర్క్ ఆ పేజీ తెరవనివ్వలేదు. విద్యార్థులకి తగని విషయమని రాసి చూపించింది.

"డిస్‌ప్లే డ్రైవర్‌లో తగనిదేముంది?" అన్నాడు ఏడుపుగొంతుతో.

ఒంటిగంట పది.

"అది ఇంటికెళ్ళాక వేసుకుంటాను," అంది ఛాయాదేవి. లేచి నిలబడింది. "విశ్వనాథం గారూ, ఒక దీపంతో ఇంకో దీపం వెలిగించాక, మొదటిది కొండెక్కితే తప్పుందా?"

అవతలి నుంచి జవాబు వచ్చింది. "తప్పేముందమ్మా. వెలుగు ఉందిగా."

త్రివేణి ల్యాప్‌టాప్ వచ్చింది. దానిలో పాత సిస్టమే. ఎవరూ దాన్ని ఉద్ధరించలేదు. ఛాయాదేవి దీపాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసింది. పెన్‌డ్రైవ్‌ని రెండు చేతులతో, గాలి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టి, నాలుగడుగులు మోసింది. ఎవరూ నవ్వలేదు. దివాకర్ కూడా పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

రెండో తెర మీద ఒత్తి వెలిగింది. అక్కడ ప్రాసెసర్ మూడు దగ్గర ఉంది. మూగ ల్యాప్‌టాప్ చల్లగా దీపం పట్టుకుంది.

ఇక మొదటిది. నోటితో ఊదకూడదు, పువ్వుతో కొండెక్కించాలి. ఛాయాదేవి వేదిక మీది దండలోంచి ఒక చామంతి తెంపింది. జాబితాలో అఖండదీపం దగ్గరికి వెళ్ళింది. ఎండ్ టాస్క్ ఎంచుకుంది. ఎంటర్ మీట మీద చామంతి పెట్టి, పువ్వు మీద వేలితో నొక్కింది.

తొంభై ఎనిమిది. అరవై. ఇరవై. నాలుగు.

ఫ్యాన్ ఆగింది. అంతసేపూ అది మోగుతోందని అప్పుడు తెలిసింది అందరికీ. ఆ నిశ్శబ్దంలో కొబ్బరి ప్యాకెట్ కరిగి బల్ల మీంచి ఒక చుక్క పడింది. త్రివేణి మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది. ఈసారి దివాకర్ అత్తగారు కూడా నవ్వింది.

"ఒంటిగంట ఇరవై ఐదు," అన్నాడు దివాకర్. ఫోన్ చేసి డీజేని రావద్దన్నాడు. "నెక్స్ట్ ఇయర్ మాత్రం మాట్లాడదాం బ్రదర్," అని చేర్చాడు. ఆ మాట ఛాయాదేవి వింది.

*

రెండు గంటలు. హాలు నిండింది. తెర లేచింది. త్రివేణి మూగ ల్యాప్‌టాప్ దీపంతో వేదిక ముందు బల్ల మీద ఉంది, పంతులుగారు దానికి అక్షతలు కూడా వేశారు. కోలాటం. పన్నెండు తలలు వంగాయి. ఛాయాదేవి నొక్కింది.

పాట నూనెలా సాగింది. మొదటి చరణం. రెండో చరణం. మధ్యకి రాగానే విద్య కర్రలు పైకెత్తి ఆగింది. వెనక పదకొండు మందీ ఆగారు. ఉదయం పాట వెక్కిన చోటు అది. స్టక్ అవ్వమని త్రివేణి ఆంటీ చెప్పింది కదా.

టక్, అని కొట్టారు పిల్లలు. పాట వాళ్ళని వదిలేసి ముందుకి వెళ్తోంది.

దివాకర్ తెర పక్కన నిలబడి తల పట్టుకున్నాడు.

ఛాయాదేవి పిల్లల చేతుల వంక చూసింది. పాటని ఒక ముక్క వెనక్కి లాగింది. మీట నొక్కింది, వదిలింది. టక్. మళ్ళీ వెనక్కి. టక్. ఉదయం మెషీన్ చేసిన తప్పుని ఆమె వేలు ఇప్పుడు లెక్క తప్పకుండా చేస్తోంది. మూడు, నాలుగు, ఐదు. హాల్లో జనం కూడా చప్పట్లు కలిపారు. ఆరు. ఏడు. ఏడోదానికి ఆమె వదిలేసింది. పాట ముందుకి దూకింది. పిల్లలు దానితో దూకారు. ఒక కర్ర ఎగిరి మొదటి వరసలో, ఖాళీగా ఉన్న కుర్చీలో పడింది.

హాలు లేచి నిలబడింది. ఈల కూడా వేశారెవరో.

చప్పట్లు పిల్లలకి వెళ్ళాయి. దివాకర్ మాత్రం తెర చాటుకి చూశాడు. కాసేపు అలాగే చూశాడు. తర్వాత ఫోన్ తీసి డీజేకి రెండు ముక్కలు టైప్ చేశాడు. ఆమెకి కనిపించేలా స్క్రీన్ తిప్పాడు. నెక్స్ట్ ఇయర్ కూడా వద్దు.

ఛాయాదేవి తల ఊపింది. ఆమెకి తీరిక లేదు. తర్వాతి పిల్లలు వచ్చి నిలబడ్డారు. ఆమె కళ్ళు వాళ్ళ తలల మీద ఉన్నాయి. తలలు వంగడం కోసం చూస్తోంది.