ట్యాంకులో పోసిన చెంబు నీళ్లు

గోదావరి పుష్కరాలు వెళ్లిన మరుసటి ఏడాది ఆషాఢంలో నన్ను కలర్ కిచెన్‌లో హెల్పరుగా వేశారు. కడియం దాటాక రోడ్డు పక్కనే ఉండే చిన్న ఫ్యాక్టరీ అది. బయటి నుంచి కాగితం చుట్టలు కొని, వాటికి పూత వేసి, తినుబండారాలు చుట్టే కాగితంగా అమ్మేవాళ్లు. పూత ద్రావణం తయారుచేసే గదిని కాగితం పనిలో కలర్ కిచెన్ అంటారు. అందులో రంగేమీ ఉండదు. ఉడికించిన గంజిపొడి, మెత్తటి తెల్లమట్టి, జిగురు, నీళ్లు, అంతే. హోదాలో హెల్పరు కంటే కింద ఊడ్చేవాళ్లు మాత్రమే. హెల్పరు పైన ఆపరేటరు, ఆపరేటరు పైన షిఫ్ట్ కెమిస్టు, అందరికీ పైన ఇంజనీరు రామ్మోహన్ గారు.

అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. పెళ్లయిన నాటి నుంచి ఆత్రేయపురంలో పూతరేకులకు రేకులు తీశాను. పొయ్యి సెగకు కళ్లు దెబ్బతింటున్నాయని రాజమండ్రి డాక్టరు ఆ పని మానమన్నారు. ఫ్యాక్టరీలో నా పాత పని ఏమిటని రామ్మోహన్ గారు అడిగారు. చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కుని, గుడ్డ ఎంత తడిగా ఉండాలి, కుండ ఎంత వేడెక్కాలి, రేకు అంచు పలచన కాకుండా ఏం చేస్తారు అని చాలాసేపు అడిగారు. ఆఖరున, "మీదీ నాదీ ఒకటే పనమ్మా. మీరు కుండ మీద గుడ్డ లాగుతారు, నేను పూత కింద కాగితం లాగుతాను" అన్నారు. చదవడం వచ్చా అని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఆయన చేస్తున్న పని గురించి ఇక్కడ చెప్పాలి. అంతకు ముందు కాగితం మీద పూతను రోలరుతో పూసి, బ్లేడుతో గీకి సమం చేసేవారు. బ్లేడు కింద ఇసుక రేణువు ఒకటి ఇరుక్కుంటే చుట్ట పొడుగునా గీత పడేది. రామ్మోహన్ గారు బ్లేడు తీసేసి, సన్నటి చీలిక ఉన్న ఉక్కు పెట్టె పెట్టారు. ద్రావణం ఆ చీలిక నుంచి పలచటి తెరలా కిందికి పడుతుంది. దాని కింద నుంచి సైకిల్ తొక్కేవాడి వేగంతో కాగితం పోతూ ఉంటుంది. మేము దాన్ని పరదా అనేవాళ్లం. పడుతున్న పరదా రెండు పక్కల నుంచీ లోపలికి ముడుచుకుపోతుంది. అది ఆపడానికి అంచుల్లో రెండు సన్నటి కడ్డీలు పెట్టి, వాటి మీదుగా నీటి ధార వదిలారు. పరుగెత్తే కాగితం తన వీపు మీద గాలిని కూడా మోసుకొస్తుంది. ఆ గాలి పరదాను చింపుతుంది. దాన్ని పీల్చేయడానికి పరదాకు కాస్త ముందు ఇంకో పెట్టె బిగించారు. ఆ గాలి పెట్టె బిగించిన వారంలోనే నేను కిచెన్‌లో చేరాను. ఈ సంగతి తర్వాత అవసరం అవుతుంది.

నేను రాకముందు రెండు నెలలుగా పరదా నిలవలేదట. చుట్ట సగానికి రాకుండానే చిరిగేది. నేను వచ్చిన వారం నుంచి నిలిచింది. అందరూ గాలి పెట్టె పనిచేసిందన్నారు. రామ్మోహన్ గారు పేటెంటు దరఖాస్తు కాగితాలు సిద్ధం చేసుకోవడం మొదలుపెట్టారు. ఏ రోజు పరదా ఎంతసేపు నిలిచిందో ఆ అంకెలు వాటిలో ఎక్కేవి.

నా పని ఫీడ్ ట్యాంకు దగ్గర. షిఫ్ట్ కెమిస్టు సుజాత గారు ద్రావణం ఉడికించి, అడుగున బెజ్జం ఉన్న చిన్న కప్పులో పోసి, అది ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో చూసి పుస్తకంలో రాసేవారు. చిక్కదనం కొలత అదే. తర్వాత ద్రావణం ఫీడ్ ట్యాంకులోకి వస్తుంది. అక్కడి నుంచి పంపు దాన్ని పరదాకు పంపుతుంది. ట్యాంకులోకి వచ్చాక ఎవరూ కొలవరు. షిఫ్ట్ అయ్యాక పుస్తకంలో ఒక వాక్యం కింద నేను వేలిముద్ర వేసేదాన్ని.

గంజి చల్లారితే బిగుస్తుంది. గరిటెతో ఎత్తి వదిలితే నాకు తెలిసిపోయేది. రేకుల పిండి కూడా పొయ్యి పక్కన ఉండగా ఉండగా చిక్కబడుతుంది. అప్పుడు చేత్తో కాసిని నీళ్లు చిలకరిస్తాం. ఎవరికీ చెప్పం, లెక్క పెట్టం. అది పిండిలో ఏదో కలపడం అని రేకులు తీసే ఏ ఆడమనిషీ అనుకోదు. కలపడం పొద్దున్నే అయిపోయింది, ఇది పిండిని కనిపెట్టుకుని ఉండటం. నేను ట్యాంకు దగ్గరా అదే చేశాను. పక్కన కడగడానికి పెట్టిన వేణ్నీళ్లు ఉండేవి. జారుడు తగ్గిందనిపిస్తే ఒక చెంబు, ఇంకా తగ్గితే ఇంకో చెంబు పోసి తిప్పేదాన్ని.

ఆ నెలలో పూత బరువు లెక్క కంటే తక్కువ వస్తోందని రామ్మోహన్ గారు పంపును రెండుసార్లు విప్పించారు. మెకానిక్కులు దాని ముందు గంటలు గంటలు కూర్చున్నారు. నేను పక్కనే ఉన్నాను. నాకేమీ తట్టలేదు.

శ్రావణం చివర్లో కాగితం కొనే కంపెనీ వాళ్లు చూడటానికి వస్తారన్నారు. ఈసారి కుదరకపోతే పరదా విప్పేసి పాత బ్లేడే బిగిస్తానని యజమాని అందరి ముందూ చెప్పారు. వచ్చేవాళ్ల ముందు యూనిఫాం వేసుకున్న ట్రైన్డ్ ఆపరేటరు ఉండాలని, ఆ రోజు ట్యాంకు దగ్గర వేరే అతన్ని పెట్టి, నన్ను చివర కాగితం చుట్టుకునే చోటికి పంపారు. అక్కడ ఆపరేటరు వెంకన్న.

"ఏంటి పిన్నీ, పెళ్లివారొస్తుంటే నిన్ను వంటింట్లోంచి కూడా తరిమేశారా?" అన్నాడు.

"పిల్ల బాగుంటే చాల్లేరా. పిన్నిని ఎవరు చూస్తారు?" అన్నాను.

ముసురు పట్టి చల్లగా ఉంది. మిషను తిప్పారు. మొదటి పావుగంట బాగానే నడిచింది. తర్వాత నా ముందుకు వచ్చే కాగితం మీద పొడుగాటి ఖాళీలు కనపడ్డాయి. వెంకన్న నవ్వు మానేశాడు. మిషను ఆపారు, చీలిక కడిగారు, మళ్లీ తిప్పారు. మళ్లీ చిరిగింది. రామ్మోహన్ గారు గాలి పెట్టె దగ్గర వంగి చూస్తున్నారు. అంచు కడ్డీలు మార్చారు. పంపు వేగం పెంచారు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయింది. వచ్చిన ముగ్గురూ ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటున్నారు. యజమాని చేతి గడియారం చూసుకుంటున్నారు.

నేను పరదా వైపు చూశాను. కొన్నిచోట్ల ఆగుతోంది, కొన్నిచోట్ల జారుతోంది. పిండి బిగుసుకుంటే రేకు అలాగే పడుతుంది. ట్యాంకు వైపు చూశాను. యూనిఫాం అతను చేతులు వెనక్కి కట్టుకుని, చెప్పినట్టుగా నిలబడి ఉన్నాడు. పక్కన వేణ్నీళ్ల బకెట్టు నిండుగా ఉంది. అప్పుడు అర్థమైంది.

చెబితే ఉద్యోగం పోతుంది. కళ్లు ఇలా ఉన్నాయి, మళ్లీ కుండ దగ్గరికి వెళ్లలేను. చెప్పకపోతే వాళ్లు పరదా విప్పేస్తారు. అంతకంటే భయం ఇంకొకటి. ఇన్నాళ్లూ గాలి పెట్టె చేసిందని ఆయన రాసుకున్నదాంట్లో నా చెంబు ఎంతో, పెట్టె ఎంతో ఎవరికీ తెలియదు. అది ఆయనకు నా నోటితో చెప్పాలి. అరగంట పాటు చుట్ట అంచు పట్టుకుని నిలబడ్డాను.

వచ్చినవాళ్లు భోజనానికి లేచారు. రామ్మోహన్ గారు వెళ్లలేదు. నేను దగ్గరికి వెళ్లి, "సార్, పిండి బిగిసిందండి. నేను రోజూ నీళ్లు పోసేదాన్నండి" అన్నాను.

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. "ఎక్కడ?" అన్నారు.

"ట్యాంకులోనండి. కప్పు చూసి పంపాక."

"ఎన్నాళ్ల నుంచి?"

"వచ్చిన దగ్గర్నుంచీనండి."

సుజాత గారు పుస్తకం తెచ్చారు. నా వేలిముద్రలున్న పేజీలు తిప్పుతూ, "సత్యవతి గారూ, మీరు రోజూ దేని కింద వేలు వేశారో తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. ఆవిడ చదివారు: 'కప్పు కొలత తర్వాత ట్యాంకులో నీళ్లు గాని, మరేదైనా గాని చేర్చలేదు.' ప్రతి పేజీలో అదే. ప్రతి దాని కిందా నా బొటనవేలు.

రామ్మోహన్ గారు కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "ఎన్ని చెంబులు?" అన్నారు.

"లెక్క లేదండి. జారుడు చూసి పోస్తానండి."

"అయితే ఇప్పుడు పొయ్యండి. చెంబుతో కాదు, ఈ కొలతల జగ్గుతో. నేను రాసుకుంటాను."

పోశాను. ప్రతి జగ్గు తర్వాత సుజాత గారు కప్పు పెట్టారు. గరిటె మీద నుంచి జారుడు సరిపోయిందన్నప్పుడు ఆగాను. ఆయన మిషను తిప్పించారు. పరదా నిలిచింది. భోజనం చేసి వచ్చినవాళ్లు చూసి తలలూపారు. వాళ్లలో పెద్దాయన, "ఇందాక ఏమైందండీ మరి?" అని అడిగారు. తర్వాత జరిగింది నేను అనుకోలేదు. పంపు సర్దుకుందనో, వాతావరణమనో రామ్మోహన్ గారు అని ఉంటే సరిపోయేది. ఆయన పుస్తకం వాళ్ల ముందు పెట్టి, గాలి పెట్టె పెట్టాక వచ్చిన అంకెలేవీ పనికిరావు, పరీక్షలన్నీ మళ్లీ చేసి చూపిస్తాను అన్నారు. యజమాని ముఖం తెల్లబోయింది. ఆ రోజు ఒప్పందం మీద సంతకాలు కాలేదు.

నన్ను పదిహేను రోజులు పని నుంచి ఆపారు. తిరిగి వచ్చాక ఊడ్చే పనిలో వేశారు. చదవడం రానివాళ్లు కలర్ కిచెన్‌లో ఉండకూడదని రాతపూర్వకంగా ఆర్డరు పెట్టారు. ఆ ఆర్డరు కూడా నాకు ఇంకొకరు చదివి వినిపించారు.

పరీక్షలు మళ్లీ చేయడానికి దసరా దాటింది. గాలి పెట్టె లేకుండా నీళ్లతో, నీళ్లు లేకుండా గాలి పెట్టెతో, రెండూ కలిపి, విడివిడిగా నడిపారు. పలచన చేసిన ద్రావణానికి కూడా గాలి పెట్టె లేకపోతే పరదా చిరిగింది. గాలి పెట్టె ఉన్నా బిగిసిన ద్రావణం నిలవలేదు. రెండూ కావాలి. అయితే నీళ్లు పోస్తే పూత పలచనవుతుంది, బరువు తగ్గుతుంది. అందుకని రామ్మోహన్ గారు ట్యాంకు చుట్టూ వేణ్నీళ్లు తిరిగే తొడుగు చేయించారు. గంజి చల్లారకపోతే నీళ్ల అవసరమే రాదు. చిక్కదనం కొలిచే కప్పును పంపు పక్కకు, పరదాకు అడుగు దూరంలోకి మార్చారు. దరఖాస్తు కొత్త అంకెలతో వెళ్లింది. పరదాను విప్పలేదు.

నేను ఆ చలికాలం నుంచి సాయంత్రాలు మా వీధి బడి వరండాలో పెద్దవాళ్లకు చెప్పే చదువుకు వెళ్లాను. దగ్గరి చూపు తక్కువ కాబట్టి అక్షరాలు పెద్దగా రాయించుకున్నాను. గుణింతాలు పట్టుబడటానికి ఏడాది పట్టింది. కూడబలుక్కోకుండా వాక్యం చదవడానికి ఇంకో ఏడాది. అప్పుడు సుజాత గారి దగ్గరికి వెళ్లి షిఫ్ట్ పుస్తకం అడిగాను. ఆ వాక్యం చదివాను. చదివి, ఇది మార్చాలండి అన్నాను.

"ఏం మార్చాలి? తప్పేముంది?" అన్నారావిడ.

"చేర్చలేదు అని మీరే రాసేశారండి. ఇంక పోసినవాళ్లు ఎక్కడ రాస్తారు?"

ఆవిడ రామ్మోహన్ గారికి చూపించారు. కొత్త పుస్తకం అచ్చు వేయించినప్పుడు ఆ వాక్యం తీసేసి, 'కప్పు కొలత తర్వాత చేర్చిన నీళ్లు: ____ లీటర్లు. చేర్చిన సమయం: ____' అని పెట్టారు. ఆ తర్వాత నన్ను మళ్లీ కిచెన్‌కు తీసుకున్నారు. హెల్పరుగా చేరి, ఆపరేటరుగా రిటైరయ్యాను.

తొడుగు చల్లబడినప్పుడల్లా గంజి ఇంకా బిగుస్తూనే ఉందట, కొత్త పుస్తకం వచ్చిన మొదటి వారంలో ఆ ఖాళీల్లో మూడు షిఫ్టుల వాళ్లూ నీళ్లు రాశారు. అంటే నీళ్లు పోసింది నేను ఒక్కదాన్నే కాదు. చెయ్యలేదు కదా అని అడిగితే పనివాడు చెయ్యలేదనే అంటాడు. ఎంత చేశావని అడిగితే ఒక అంకె చెబుతాడు. యంత్రానికి కావలసింది ఆ అంకె.