గంగులప్ప ఏనుగుల దౌత్యం

కుప్పానికి అవతల అడవంచు పల్లెలో రాగులు పండించే గంగులప్పకి ప్రపంచ నాయకులంటే బొత్తిగా గౌరవం లేదు. ఎండల గురించో యుద్ధాల గురించో దేశాలన్నీ సభ పెట్టాయని టీవీలో వస్తే చాలు, మొదలుపెట్టేవాడు.

"సూడు, కోటు ఏసుకోనుండాడే ఆయప్ప, తప్పంతా పక్కోళ్ల మీదికి తోస్తాండాడు. ఎవురో ఒకరు ముందు తగ్గితే ఏం పోతాది?"

భార్య ఆదిలక్ష్మమ్మ ఓ చెవి అటు పడేసి తన పని చేసుకునేది.

వానలు మొహం చాటేసి అడవిలో కుంటలెండాక ఏనుగులు చేల మీద పడ్డాయి. పల్లెకి రక్షణమంత్రి గంగులప్పే. టపాసులు కాల్పించి, పలక డప్పులు కొట్టించి, మందని తమిళనాడు ఎల్ల దాటించేవాడు. అవతలివాళ్లు మర్నాడు ఇవతలికి తోలేవాళ్లు. వాళ్లని ఆయన తిట్టని తిట్టు లేదు. తాను చేసేదీ అదే పనని ఆయన మొహం మీద చెప్పే మొనగాడు పల్లెలో లేడు.

చివరికి కూతురు మునీశ్వరి ఫోన్ చేసి చెప్పింది. ఆమెని ఇచ్చింది ఎల్లకి ఆ పక్కనే. ఇన్నాళ్లూ మంద కొండ చుట్టి అవతలి వేరే పల్లెల చేలల్లో పడేది. ఈసారి నేరుగా ఆమె అరటితోటలో దిగింది.

"నాయనా, నువ్వు తోలినవి మా తోటలో పడినాయి. సగం పోయింది. మీ అల్లుడు మళ్లీ మీ పక్కకే తోలతానని టపాసులు తెచ్చుకోనుండాడు."

"తోలొద్దని సెప్పమ్మా."

"నువ్వు మాత్రం యాల తోలినావు?"

గంగులప్ప గొంతు సవరించుకున్నాడు. "ముందు మీరు ఆపండి. తర్వాత మేము ఆలోచన చేస్తాం."

"ఈ మాట నిన్న టీవీలో కోటాయన సెప్పినాడే," అంది ఆదిలక్ష్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

ఆయనకి కోపమూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ పూట అన్నం సగంలోనే లేచాడు.

పొద్దు వాలేసరికి అల్లుడి టపాసుల చప్పుడుకి బెదిరి మంద తిరిగొచ్చింది. వచ్చింది గంగులప్ప చేలోకే. రాగులు కోతకొచ్చి ఉన్నాయి. ఆ ఏటి తిండి మొత్తం అదే. పల్లెవాళ్లు టపాసులు పట్టుకుని ఆయన మాట కోసం చూస్తున్నారు.

"కాల్సమంటావా అప్పా?"

కాలిస్తే ఏనుగులు ఎటు పోతాయో ఆయనకి ఇప్పుడు తెలుసు. అగ్గిపెట్టె లాక్కుని జేబులో వేసుకున్నాడు. కూతురికి ఫోన్ చేశాడు.

"మిగిలిన టపాసులు దీపావళికి దాసుకోమను మీ ఆయన్ని. భయపడొద్దమ్మా, ఈ పొద్దు మీ పక్కకి రావు. ఈడే తింటాండాయి."