కల్లంలో కంట్రోల్ టవర్

“కాస్త గొంతు తగ్గించవే, లోపల పిల్ల చదువుకుంటోంది.”

“నా గొంతు ఇంతే. చేలో బోలెడు పత్తుంది, చెవుల్లో పెట్టుకో పో.”

నాకూ మా ఆయనకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. నా మాటకు ఆయన నవ్వాడో విసుక్కున్నాడో చూడలేదు, పొయ్యి వైపు తిరిగి ఉన్నాను. తువ్వాలు భుజాన వేసుకుని పత్తి తీతకు వెళ్ళిన మనిషిని ఎండ నడినెత్తికి వచ్చేసరికి కూలివాళ్ళు మంచం మీద మోసుకొచ్చారు. గుండె ఆగిపోయిందన్నారు.

ఈవేళ పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే గన్నవరం వైపు పోయే విమానం ఒకటి నెత్తి మీదుగా వెళ్ళింది. అందులో మా అమ్మాయి ఉందో లేదో నాకు తెలియదు, ఉన్నా అంత ఎత్తు నుంచి దాని కంటికి నేను ఆనను, అయినా తలెత్తి నా పాత పాఠమంతా గొంతెత్తి అప్పజెప్పేశాను. అప్పుడనిపించింది, ఈ సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పుకోవాలని. నాకు సంతకం తప్ప రాత రాదు. బడిలో పాఠాలు చెప్పే మా మరదలు, మా తమ్ముడి భార్య, పక్కన కూర్చుని నేను చెప్పింది చెప్పినట్టు రాస్తోంది.

మా అమ్మాయి న్యూజిలాండులో విమానం నడపటం నేర్చుకుంది. రోడ్డు పక్క ఎకరం అమ్మి పంపించాం. లైసెన్సు పట్టుకుని తిరిగొచ్చిన రోజున ఆ కార్డును దేవుడి పటం దగ్గర పెట్టి, ఇక రేపో ఎల్లుండో పిల్ల ఇక్కడ విమానం ఎక్కేస్తుందని ఊరందరికీ చెప్పుకున్నాం. తీరా చూస్తే అక్కడి కార్డుతో ఇక్కడ జీతానికి నడపనివ్వరట. ఇంటి దగ్గర తూచుకున్న మిర్చి బస్తాను యార్డులో మళ్ళీ కాటా వేసినట్టు, ఇక్కడివాళ్ళు మళ్ళీ మొదటి నుంచీ తూచుకుంటారు. దారి లెక్కలు, మబ్బూ గాలీ, మన దేశపు నియమాలు, ఇవన్నీ రాత పరీక్షలు. ఆపైన ఒంటి పరీక్ష, రేడియోలో మాట్లాడే పరీక్ష, చివరకు ఇక్కడి విమానం నడిపి చూపించటం. పైగా అక్కడ ఎగిరిన గంటలు పాతబడితే కొన్ని చెల్లవట, మళ్ళీ ఎగరాలట. మళ్ళీ ఎగరటానికి అమ్ముదామంటే మాకింకో ఎకరం లేదు, చేసేదంతా కౌలే.

అందుకే ఆయన నన్ను గొంతు తగ్గించమన్నది. నా గొంతు సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. చిన్నప్పటి నుంచీ మిరప ఘాటు పీల్చీ, ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీది వాళ్ళను కేకేసీ అది గరగరలాడే రంపమైపోయింది. ఆయన పోయాక మాత్రం, అడిగిన ఆఖరి కోరిక అదే కదా అని, నోటికి తాళం వేసుకున్నాను. గేదెను కూడా చేత్తో తట్టి తోలాను తప్ప అదిలించలేదు. పలకరింపుకు వచ్చినవాళ్ళను వాకిట్లోనే కూర్చోబెట్టి గుసగుసగా మాట్లాడి పంపేదాన్ని. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంచితే పిల్ల గట్టెక్కుతుందనుకున్నాను. రాత పరీక్షలు గట్టెక్కింది కూడా. రేడియో పరీక్ష తప్పింది.

హైదరాబాదు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా అరుగు మీద కూర్చుంది. ఆ పరీక్షలో ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి టవరు, ఇది విమానం. ఆయన గాలి ఎటో, ఎత్తు ఎంతో, ఏ రన్‌వేలో దిగాలో చెబుతాడు, ఇది విన్నది విన్నట్టు తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పేదాకా విన్నట్టు లెక్క కాదట. “ఆయన గొంతు బొంగురుగా, దబాయించినట్టుందమ్మా. చెవుల్లో ఒకటే రొద. ఒక్క అంకె నిలబడలేదు. చీమ చిటుక్కుమన్నా వినపడే ఇంట్లో కూర్చుని చదివానుగా” అంది. నిందగా అనలేదు, కానీ నాకు తగలాల్సిన చోటే తగిలింది. నేను చేసిన పని అది. మా ఆయన మాట నిలబెడుతున్నాననుకుని పిల్లకు కావలసినదాన్నే ఇంట్లో లేకుండా చేశాను.

“బొంగురు గొంతేగా కావాల్సింది? దానికి హైదరాబాదు దాకా ఎందుకే!” అన్నాను.

మర్నాటి నుంచి నేను టవరునయ్యాను. చదవలేను కనుక పది పన్నెండు మాటలు పాటలాగా నోటికి నేర్పించింది. మూడును ట్రీ అనాలట, ఐదును ఫైఫ్ అనాలట, తొమ్మిదిని నైనర్ అనాలట. చదువుకున్నదానికి అవి వంకరగా తగిలాయి గానీ నా నోటికి అవే తిన్నగా వచ్చాయి. మిరపకాయలు కల్లంలో ఆరబోసిన రోజులవి. ఆ కొసన ట్రాక్టరు ఇంజను ఊరికే ఆన్ చేసి దాని పక్కన పిల్లను నిలబెట్టి, ఈ కొసన రంగు పోయిన తాలు కాయలు ఏరుతూ నేను కేకేసేదాన్ని. మొదటి కేకకు నా గొంతే నన్ను భయపెట్టింది. ఆయన ఎక్కడి నుంచో తగ్గించవే అంటాడేమోనని ఒక్క క్షణం ఆగాను కూడా.

కూలికొచ్చిన ఆడవాళ్ళు ఊరుకుంటారా! “ఏందమ్మోయ్, విమానం కల్లంలోనే దించుతున్నావా? చెప్పు, కాయలు కాస్త పక్కకు నెడతాం” అని ఒకత్తె, “దిగితే నన్ను టౌన్లో బ్రాడీపేట దగ్గర దించి పొమ్మను, పళ్ళ డాక్టరు దగ్గర పనుంది” అని ఇంకొకత్తె. ఒకరోజు రన్‌వే అంకె చెబుతూ చెబుతూ, “ఆగవే, మేకలు పడినయ్!” అని అరిచాను. అది బిగుసుకుని నిలబడి, “ఆగాను, మేకలు పడినయ్” అని తిరిగి చెప్పింది. కల్లమంతా పడి పడి నవ్వింది. ఆయన పోయాక మా ఇంటి చుట్టుపక్కల నవ్వు వినపడటం అదే మొదలు.

కాయలు బస్తాలకెక్కి కోల్డ్ స్టోరేజీకి పోయేలోపు ట్రాక్టరు రొదలో కూడా దానికి అంకెలు తప్పటం మానేశాయి. రెండోసారి పరీక్షకు వెళ్ళి, బయటకు రాగానే ఫోను చేసింది. “అదే పెద్దాయనమ్మా. గట్టిగానే దబాయించాడు. నీ ముందు ఆయనెంత!” అంది. గంటలు పాతబడకుండానే మిగతావీ పూర్తి చేసి, ఇక్కడి విమానం నడిపి చూపించింది. ఇక్కడి కార్డు వచ్చినప్పుడు దేవుడి పటం దగ్గర కాదు, ఆయన పటం దగ్గర పెట్టాను. గొంతు తగ్గించకుండానే చెప్పాను, వచ్చిందయ్యా అని.

ఇప్పుడు అదే కల్లంలో కూలివాళ్ళు ఆటోల్లో వచ్చి, చెవుల్లో తీగలు పెట్టుకుని ఎవరి పాట వాళ్ళు వింటూ ఏరుకుంటారు. ఎగతాళి చేసేవాళ్ళు లేరు. నేను కేకేసినా తలెత్తరు, నాకూ పెద్దగా కోపం రాదు. పిల్ల జీతానికి విమానం నడుపుతోంది, కడుపు నిండినట్టుగానే ఉంది బతుకు. ఒక్కటే మిగిలింది. ఆరోజు పొయ్యి దగ్గర నేనన్న మాటకు ఆయన తిరిగి ఏమీ చెప్పలేదు. విని వెళ్ళాడో, వినకుండానే వెళ్ళాడో.

సరే మరదలా, ఇక కలం పక్కన పెట్టు. రాసిందంతా మొదటి నుంచి నాకొకసారి చదివి వినిపించు. గొంతు తగ్గించమాకు, లోపల ఎవరూ చదువుకోవటం లేదులే.