చెల్లెలి గొంతు

పెళ్లయి పన్నెండేళ్లయినా దేవవ్వ కడుపు పండలేదు. ఆమె భర్త అంబదాసు మంథనిలో మగ్గం నేసేవాడు. అతనికి రెండో పెళ్లి చేయాలని అత్త పట్టుబడితే, పరాయిది వస్తే తన బతుకేం కావాలని భయపడి, దేవవ్వ సొంత చెల్లెలు బాలలక్ష్మినే తెచ్చి పీటల మీద కూర్చోబెట్టింది.

పోలీసు యాక్షన్ అయిన ఆరేళ్లకు బాలలక్ష్మికి ఆడపిల్ల పుట్టింది. మూడోనాడే బాలింత జ్వరం తగిలింది. తగ్గేదాకా బిడ్డను దగ్గరికి రానీయొద్దన్నాడు డాక్టరు. లోపలి గదిలో తల్లి, వసారాలో దేవవ్వ ఒళ్లో బిడ్డ.

మేకపాలు నీళ్లు కలిపి కాచి, దూదివత్తితో చుక్కచుక్కా పట్టింది దేవవ్వ. నాలుగు రోజుల్లో బిడ్డ ఏడుపులన్నీ ఆమెకు పట్టుబడ్డాయి. ఆకలైతే నోరు పక్కకు తిప్పి పిడికిలి వెతుక్కుంటుంది. కడుపునొప్పయితే మోకాళ్లు ముడుస్తుంది. నిద్రకైతే సన్నగా గునుస్తుంది.

"నా బిడ్డ మాటలు నాకే ఎరుక" అనేది ఇరుగుపొరుగుతో. 'నా బిడ్డ' అన్నందుకు నాలుక కరుచుకోలేదు.

పదోనాడు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే లోపలినుంచి బాలలక్ష్మి నీరసంగా అడిగింది. "అక్కా, బిడ్డెందుకు ఏడుస్తున్నది?"

బిడ్డ ఠక్కున ఆగింది. కళ్లు విప్పార్చి, మెల్లగా తలుపు వైపు తిరిగింది.

దేవవ్వ గుండెలో నిప్పు పడ్డట్టయింది. పాలు పట్టింది తను, గుడ్డలు మార్చింది తను. చెల్లెలి ఒక్క మాటకే ఇంతా? గడ్డం పట్టి ఇటు తిప్పుకుంది. బిడ్డ మళ్లీ అటే తిరిగింది.

"మాట్లాడకే బాలా, డాక్టరు వద్దన్నడు. జరం మళ్లొస్తది."

డాక్టరు ఆ మాట అనలేదు. బాలలక్ష్మి నమ్మి మూడు రోజులు నోరు మెదపలేదు. జ్వరం దిగినా ఈ మౌనమేమిటని మంత్రసాని కిష్టవ్వ బాలలక్ష్మిని ఆరా తీసి, దేవవ్వను పెరట్లోకి పిలిచింది.

"మాట్లాడొద్దని ఏ డాక్టరన్నడే?"

"ఇన్ని దినాలు నేను సాకితే, బాల గొంతు ఇనంగనే బిడ్డ అటు తిరిగిందవ్వా. నేనేం తక్కువ జేసిన?"

"ఏం తక్కువ జెయ్యలే. తొమ్మిది నెలలు కడుపుల ఉండి ఇన్న గొంతది. దాంతోని నీకు పోటీయా?"

దేవవ్వ బిడ్డను తీసుకెళ్లి చెల్లెలి పక్కలో పడుకోబెట్టింది. "ఇగ మాట్లాడు. డాక్టరేమనలే. నేనే అబద్ధమాడిన."

బాలలక్ష్మి అక్కను తేరిపార చూసి, బిడ్డను పొదువుకుంది. కాసేపటికి బిడ్డ ఏడుపందుకుంది. పాలివ్వబోతే తల విదిలించింది. భుజాన వేసుకుంటే ఇంకా ఏడ్చింది.

గడపలో నిలబడి దేవవ్వ చూస్తూనే ఉంది. ఆ కాసేపూ ఆమెకు హాయిగానే ఉంది. బిడ్డ ముఖం కందిపోయేసరికి మాత్రం ఓర్చుకోలేకపోయింది.

"ఆకలి గాదే. మోకాళ్లు జూడు, కడుపు నొస్తున్నది దానికి. బోర్లేసి ఈపు నిమురు."

"నాకు రాదు, నువ్వే రా అక్కా" అంటూ బాలలక్ష్మి మంచం మీద పక్కకు జరిగింది.