మీటరు చూపని వేగం

మా బాబాయి కడియం నర్సరీల నుంచి మొక్కలు తోలే లారీ డ్రైవరు. దారంతా కాలు కదుపుతూ, మీటరు అద్దం మీద వేలితో కొడుతూనే ఉండేవాడు. పిన్ని తమ్ముడు రోడ్డు ప్రమాదంలో పోయాక, స్పీడు అరవై దాటనని ఆవిడకి మాటిచ్చాడు.

లారీకి పెద్ద టైర్లు వేయించాడు. డీజిలు ఎక్కువ తాగుతోందని విసుక్కునేవాడు. ఒకసారి తుని వెళ్తూ నేనూ ఎక్కాను. మీటరులో అరవై ఉంది, నా ఫోన్లో మ్యాపు చూపించే స్పీడు అరవై ఆరు.

"టైరు పెద్దదైంది కదా బాబాయ్, ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది. చుట్లు లెక్కపెట్టే మీటరుకి ఆ సంగతి తెలీదు," అన్నాను.

బండి పక్కకి ఆపి, కిందికి దిగి, అటూ ఇటూ తిరుగుతూ పిన్నికి ఫోన్ చేశాడు. "ఏమే, అరవై లోపే వెళ్తున్నానన్నాను కదా. అది నిజం కాదంట. నాకూ ఇప్పుడే తెలిసింది."

వెనక బస్సులు హారన్లు మోగిస్తున్నా తుని దాకా యాభై దాటలేదు. "మీ పిన్ని నన్ను నమ్మిందమ్మా, నేనేమో మీటర్ని నమ్మాను," అన్నాడు. మర్నాడే పాత సైజు టైర్లు వేయించేశాడు.