కర్పూరం మసి అంటిన టేపు

మా క్లబ్బు అంకుల్ పోయారన్న కబురు అదే క్లబ్బులోని వరంగల్ అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే పోయారట. ఆంటీ మొదట అతనికే చెప్పారట. నాకు బాధ తర్వాత కలిగింది. ముందు మనసులోకి వచ్చింది, నాకు కాకుండా అతనికెందుకు చెప్పారన్న మాట. అది దాచిపెట్టి ఆయన గురించి ఈ నాలుగు ముక్కలు రాయలేను.

ఈ పరాయి దేశంలో మేముండే పేట పియారా వాటర్స్‌లో మన తెలుగువాళ్ళలో చాలామంది ఆయన్ని పిల్లల సైకిళ్ళు బాగుచేసే పెద్దాయనగానే ఎరుగుదురు. గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. శనివారాలు మాత్రం ఊరి బయట పిస్టల్ క్లబ్బులో ఉండేవారు. అట్టకు గురిచూసి కాల్చడం, ఎక్కడ తగిలిందో చూసుకోవడం, ఇంటికి పోయి తుపాకీని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేయడం. అక్కడ అంతకు మించి ఏమీ ఉండదు.

నాది నరసరావుపేట పక్క పల్లె. ఆయనదీ ఆ వైపే. ఐదేళ్ళు ఆయన పక్కనే నిలబడి కాల్చాను. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, వేలు ఎంత మెల్లగా నొక్కాలో వెనక నిలబడి మాటతోనే నేర్పారు. ఫ్లాస్కులో టీ తెస్తే మొదటి మూత నాకే పోసేవారు. వరంగల్ అబ్బాయిని క్లబ్బుకు తీసుకెళ్ళింది కూడా నేనే.

అతను పిస్టల్ కొన్న వారమే అంకుల్ అతనికి సైట్లు, అంటే పిస్టల్ మీద గురి చూసుకునే బిళ్ళలు, ఎంచడానికి కూర్చున్నారు. పిస్టల్‌తో పాటు వచ్చే సైట్లు అందరికీ ఒకటే కొలత. అవి తీసి మన కంటికి నప్పేవి వేసుకోవచ్చు. వెనక సైటులో ఒక గాడి, ముందు సైటు ఒక చిన్న దిమ్మ. గాడిలో దిమ్మ నిలబడితే రెండు పక్కలా వెలుతురు సమానంగా కనపడాలి. చెయ్యి పొడుగైన కొద్దీ దిమ్మ సన్నగా కనిపిస్తుంది. అందుకని ఆయన దర్జీ టేపుతో కంటి నుంచి సైటు దాకా కొలిచేవారు. దిమ్మ మెరవకుండా కర్పూరం వెలిగించి, మా అమ్మమ్మ కాటుక పట్టినట్టు, దానికి మసి పట్టించేవారు. ఆయన బొటనవేలు ఎప్పుడూ నల్లగానే ఉండేది.

"వెలుతురు ఎంత కనపడతా ఉందయ్యా?"

"మస్తుగ కనిపిస్తుంది అంకుల్."

"మస్తంటే కొలతా? రెండు పక్కలా ఈక్వల్‌గా ఉందా లేదా చెప్పు. అట్ట మసకైనా పర్లేదు, దిమ్మ చూడు."

మూడు శనివారాలు, డబ్బాలోని పాత సైట్లు ఒక్కొక్కటీ బిగించారు, విప్పారు. చివరికి చుక్కలూ గీతలూ లేని ఒట్టి నల్లవి ఎంచారు. నేను పక్కన కూర్చుని వాళ్ళ నవ్వులు విన్నాను. ఐదేళ్ళలో నా సైట్ల మీద ఆయన చెయ్యి పడలేదు.

కడుపుమంటతో ఆన్‌లైన్‌లో నేనే సైట్లు తెప్పించుకున్నాను. ముందు ఎర్ర చుక్క, వెనక రెండు పచ్చ చుక్కలు. ఆయన చూడాలని బల్ల మీద పెట్టాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు.

"సిగ్నల్ లైట్లు బాగున్నాయబ్బాయ్. దేనికి ఆగుతావు, దేనికి పోతావు?"

అంతే. ఆ వేళ నా గుళ్ళన్నీ కిందికే పడ్డాయి. అవి తీసెయ్యమని ఆయన అంటారేమోనన్న ఆశతో నెలల తరబడి అవే వాడాను. ఆయన అనలేదు.

కర్మ రోజున వాళ్ళింట్లో వరంగల్ అబ్బాయి చేతిలో ఆ టేపు కనిపించింది. ఆంటీ ఇచ్చారట. ఇక ఆగలేకపోయాను.

"నీకు కూర్చోబెట్టి సైట్లు ఎంచారు. నాకెందుకు చూళ్ళేదు?"

అతను తెల్లబోయాడు. "నేను అడిగిన అన్నా, ఫస్ట్ డేనే. నువ్వు అడగలే?"

పక్కనే ఉన్న ఆంటీ అందుకున్నారు. "అడగందే ఒకరి తుపాకీ ముట్టుకోరు నాయనా ఆయన. ఈ అబ్బాయి నోరు తెరిచి అడగడేంటని నీ గురించి ఎన్నిసార్లు అన్నారో."

మా ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగరు. వాళ్ళే కనిపెట్టి చేస్తారని కూర్చుంటారు. ఆయనదీ ఆ వైపే కదా, తెలుసుననుకున్నాను.

తర్వాతి శనివారం పాత సైట్లే బిగించుకుని వెళ్ళాను. "నాదీ కొలుస్తావా?" అని వరంగల్ అబ్బాయిని అడిగాను. అతను టేపు తీశాడు. పచ్చటి టేపు మీద అంకుల్ బొటనవేలి మసి మచ్చలు, కొలత పట్టిన చోటల్లా. ఇరవై ఏడు అంగుళాల దగ్గర ఒకటి, ఇరవై ఎనిమిది దగ్గర రెండు. ముప్పై దగ్గరది వరంగల్ అబ్బాయిది, అన్నిటికంటే నల్లగా ఉంది.

నా కంటి నుంచి సైటు దాకా ఇరవై తొమ్మిదిన్నర. అక్కడ టేపు శుభ్రంగా ఉంది.